ఆరువందల ఇరవై మీటర్లు

మోటార్ల పట్టీలో నూట పద్నాలుగో వరస దగ్గర పెన్సిలు ఆగింది. ట్రేసరమ్మ స్కేలు కాగితం మీదే ఉంచి, కళ్లజోడు సర్దుకుని, ఆ వరస ఇంకోసారి చదివింది. గుజ్జు కలిపే మిషను. మోటారు తొంభై కిలోవాట్లు. మిషను అమ్మినవాళ్లు పంపిన కాగితం చూస్తే దానికి నిజంగా కావలసింది డెబ్బై ఒకటి. మధ్యలో ఉన్న పందొమ్మిదీ ఎక్కణ్ణుంచి వచ్చాయో ఆమెకి తెలుసు. మిషను చేసినవాడు ఎందుకైనా మంచిదని కొంచెం పెంచుతాడు. మోటారు ఎంచినవాడు దానిమీద ఇంకొంచెం. ఫ్యాక్టరీ ఇంజనీరు తన వంతుకి మరికొంచెం. లెక్క ఈ ఆఫీసుకి చేరేసరికి, వంటింట్లోకి వచ్చినవాళ్లందరూ తలా గుప్పెడు ఉప్పు వేసిపోయిన గిన్నెలా ఉంటుంది. ఆ ఉప్పంతా నమ్మి ట్రాన్స్‌ఫార్మరు కొంటే అది ఇల్లరికపు అల్లుడిలా కునికిపాట్లు పడుతూ కూచుంటుంది. తిండి మాత్రం తగ్గించదు.

ఆమె దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. అందులో ప్రతి మోటారుకీ రెండు కాలమ్‌లు. ఒకదాని పైన 'చెప్పింది' అని, రెండోదాని పైన 'తిరిగేది' అని ఉంటుంది. రెండో కాలమ్ కోసం ఆమె ఫోన్లు చేస్తుంది. మిషను అమ్మినవాణ్ణి, బిగించినవాణ్ణి, ఒక్కోసారి దాన్ని రోజూ నడిపే మనిషిని కూడా అడుగుతుంది. పగలంతా తిరుగుతుందా? ఇది తిరిగేటప్పుడు పక్కది ఆగుతుందా? పెద్ద పెద్ద ఫ్యాక్టరీలకి కరెంటు ఎక్కడినుంచి ఎక్కడికి, ఎంత లావు తీగలో వెళ్లాలో తేల్చే ఆ ఆఫీసులో ఇలాంటి ఫోన్లు చేసే మనిషి ఆమె ఒక్కతే.

తొమ్మిదింకా కాలేదు. నాలుగో అంతస్తు హాల్లో పన్నెండు బల్లలున్నాయి, మనిషి ఒక్కతే ఉంది. ఆమె పెన్సిలు పక్కన పెట్టి ఎడమ దవడ కింద రెండు వేళ్లతో నొక్కుకుంది.

ఆ నొప్పి మొన్నటినుంచీ ఉంది. పొద్దున ఇంట్లో కూడా ఇలాగే నొక్కుకుంటుంటే భర్త చూశాడు. ఆయన దర్జీ. ఇంటి ముందుగదే ఆయన కొట్టు. స్కూలు పిల్లల చొక్కాలు ఎక్కువగా కుడతాడు. మెడలో టేపు వేసుకునే కాఫీ తాగుతాడు.

"పన్నేనా?"

"పన్నే అయుంటుంది. శనివారం చూపించుకుంటా."

"శనివారం దాకా దాన్ని ఆగమన్నావా?"

ఆమె నవ్వి, ఆయన కత్తిరిస్తున్న గుడ్డకేసి చూసింది. అంచునుంచి బొటనవేలంత గుడ్డ బయటికి వదిలి సుద్దగీత గీస్తున్నాడు.

"మీరూ మావాళ్లలాగే ఉన్నారు. అవసరానికి మించి వదులుతారు."

"పిల్లలు పెరుగుతారే. వచ్చే ఏడు విప్పి కుట్టుకుంటారు. మీ మోటార్లు పెరుగుతాయా?"

"పెరగవు."

"మరింకేం, నీదే గెలుపు" అని ఆయన కత్తెర ఆడించాడు.

ఇలాంటి మాటలే వాళ్లిద్దరూ ముప్ఫై ఏళ్లుగా మాట్లాడుకుంటున్నారు. పిల్లలు లేరు. ఆ సంగతి మొదటి పదేళ్లూ మాట్లాడుకున్నారు, ఆ తర్వాత మానేశారు.

ఆమె ఆ ఆఫీసులో చేరినప్పుడు వయసు పంతొమ్మిది. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన బొమ్మల మీద పల్చని కాగితం పరిచి సిరాపెన్నుతో దిద్దడం పని. చెయ్యి వణికితే బ్లేడుతో గీకి మళ్లీ గీయాలి. అప్పట్లో నలుగురు ట్రేసర్లు ఉండేవారు. కంప్యూటర్లు వచ్చాక ముగ్గురు వెళ్లిపోయారు. ఆమె మిగిలింది. అన్నేళ్లు ఇంజనీర్ల గీతలు దిద్దీ దిద్దీ ఎవరి తప్పు ఎక్కడుంటుందో ఆమె చేతికి పట్టుబడింది. మొదట్లో మెల్లిగా అడిగేది. తర్వాత వాళ్లే వచ్చి అడగడం మొదలుపెట్టారు. డిగ్రీ లేదు గనక హోదా మారలేదు. జీతాల పట్టీలో ఇప్పటికీ 'ట్రేసరు' అనే ఉంటుంది. పిలుపూ అదే. ప్రతి డ్రాయింగు కిందా మూడు గడులుంటాయి: గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. ముప్ఫై ఏడేళ్లుగా ఆమె పొడి అక్షరాలు మొదటి గడి దాటి పక్కకి పోలేదు.

తొమ్మిదిన్నరకి చీఫ్ వచ్చాడు. ఆమె ఉద్యోగంలో చేరిన ఏడాది పుట్టినవాడు. తెలివైనవాడు, జాగ్రత్తపరుడు. రెండోది కొంచెం ఎక్కువ.

"అమ్మా, ఇవాళ పేపరు మిల్లుకి మీరే వెళ్లొస్తారా? నాకు పైవాళ్లతో మీటింగు పడింది. సంతకం పెట్టించుకుని రావడమే."

"ఏ డ్రాయింగు మీద సార్?"

చీఫ్ కుర్చీ వెనక చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆ మిల్లుని పెంచుతున్నారు. దానికి ఈ ఆఫీసులో రెండు డ్రాయింగులు తయారయ్యాయి. చీఫ్ గీయించినదాంట్లో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు రెండూ ఇప్పుడున్నట్టే గేటు పక్కన ఉంటాయి. అక్కణ్ణుంచి లావు తీగలు మిల్లంతా పాకుతాయి. మిల్లువాళ్లు అడిగిందీ అదే. రెండోది ట్రేసరమ్మ తనంతట తను గీసింది. కరెంటు ఎక్కువ ఒత్తిడితో వెళితే సన్నని తీగలో కూడా చులాగ్గా పోతుంది. ట్రాన్స్‌ఫార్మరు ఆ ఒత్తిడి తగ్గించాక లావు తీగలు కావాలి. అప్పుడు కూడా దారిలో కొంత వేడిగా కారిపోతుంది. అందుకని ఆ తగ్గించే పనేదో వాడకానికి దగ్గర్లోనే జరగాలి. ఆమె డ్రాయింగులో ట్రాన్స్‌ఫార్మర్లు మిల్లు నడిబొడ్డున, ఎక్కువ కరెంటు తాగే పంపుహౌసు పక్కన ఉన్నాయి.

"రెండూ తీసుకెళ్లండి" అన్నాడు చీఫ్ చివరికి. "మీదానికి ఒప్పుకున్నారా, అది మన ఆఫీసు డ్రాయింగు. కేకలేశారా, మీరు పొరపాటున చుట్టలో పెట్టుకొచ్చిన కాగితం."

"ఒప్పు ఆఫీసుదీ, పొరపాటు నాదీనా సార్?"

"ఎప్పుడూ జరిగేది అదేగా అమ్మా" అని నవ్వాడు. నవ్వాక బల్లమీది కాగితాల్ని అవసరం లేకుండా సర్దాడు.

ఆ మిల్లు సంగతి చీఫ్‌కి తెలియనిది ఒకటుంది. ముప్ఫై నాలుగేళ్ల కిందట దాని మొదటి డ్రాయింగు దిద్దింది ట్రేసరమ్మే. గేటునుంచి పంపుహౌసు దాకా పోయే గీత ఆ కాగితం మీద అన్నిటికన్నా పొడుగు. స్కేలు పెట్టి చూస్తే ఆరువందల ఇరవై మీటర్లు వచ్చింది. "ఇంత దూరమా సార్?" అని అప్పటి ఇంజనీరుని అడిగింది. "గీయమన్నది గియ్యి" అన్నాడాయన. గీసింది. తర్వాత ఏళ్లతరబడి మిల్లునుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. పంపుహౌసు మోటారు మళ్లీ కాలిపోయింది, సలహా చెప్పండి అని. ప్రతిసారీ ఆఫీసు చెప్పే సలహా ఒకటే, ఇంకో తీగ కలపమని. ఆ ఉత్తరాలన్నీ ఫైల్లో పెట్టింది ఆమే.

మిల్లు రెండు గంటల దూరం. ఆఫీసు కారులో ట్రేసరమ్మ ముందు సీట్లో కూచుంది. డ్రైవరుకి అది వింతగా ఉంది.

"వెనక కూచోండమ్మా, సుఖంగా ఉంటుంది. మన ఇంజనీర్లందరూ ఎక్కడం వెనక సీటే, ఎక్కగానే నిద్రే."

"నేను ఇంజనీర్ని కాదుగా."

డ్రైవరు కాసేపు ఆలోచించి, "నిజమే" అని గేరు మార్చాడు.

ముప్ఫై ఏడేళ్లలో ఆమె వందలకొద్దీ ఫ్యాక్టరీలకి డ్రాయింగులు గీసింది. కళ్లతో చూసినవి నాలుగు. ఇది ఐదోది. దాని వాసన ముందే ఎదురొచ్చింది. ఉడికిపోయిన క్యాబేజీలాంటి వాసన, దానివెంట తడి చెక్కపొట్టు వాసన. గేటు దగ్గర ఫోర్‌మన్ నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి. మణికట్టు దగ్గర పాత కాలిన మచ్చ ఉంది. మేనేజరుగారు ఇంకో గంటకి గానీ దొరకరని చెప్పి, ఈలోపు మిల్లు చూపిస్తానన్నాడు.

"మొత్తం వద్దు. ఇక్కణ్ణుంచి పంపుహౌసుకి తీగ వెళ్లిన దారి చూపించండి చాలు."

ఫోర్‌మన్ ఆమెని ఎగాదిగా చూశాడు. ఇంతవరకూ ఆ దారి అడిగినవాళ్లు లేరు. అది సిమెంటు పలకలు కప్పిన కాలవ. షెడ్డుల పక్కనుంచి, బొగ్గుకుప్ప చుట్టు తిరిగి, రోడ్డు దాటి పోతుంది. ఇద్దరూ దాని వెంట నడిచారు. ట్రేసరమ్మ నెమ్మదిగా నడిచింది. రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకుంది. షెడ్డు నీడలో ఒక పలక మీద రెండు కుక్కలు పడుకుని ఉన్నాయి.

"చలికాలం పొద్దున్నే చూడాలి మేడమ్. గేటు కాణ్ణుంచి పంపుహౌసు దాకా వరసగా పడుకునుంటాయి. మా కుక్కలకి కరెంటు దుప్పటి."

ఆమె వంగి, నీడలో ఉన్న పలక మీద అరచెయ్యి ఆనించింది. తర్వాత కాలవకి అవతలి నేల మీద ఆనించింది. మళ్లీ పలక మీద పెట్టింది. మిల్లు కొన్న కరెంటు అక్కడ వెచ్చగా తగులుతోంది. ఆమె చెయ్యి తీసేందుకు కొంచెం ఆలస్యం చేసింది.

"అసలీ లైను ఎవరు గీశారోగాని" అన్నాడు ఫోర్‌మన్, "ఎప్పుడైనా కనబడితే నాలుగు అడుగుదామని ఇన్నేళ్లూ చూస్తున్నా."

"నేనే."

అతను ఆగిపోయాడు. ఆమె లేచి చేతికంటిన దుమ్ము దులుపుకుంది.

"అప్పుడు నాకు ఇరవైరెండు. అడిగాను, ఇంత దూరం ఎందుకని. గీయమన్నారు."

ఫోర్‌మన్ ఏం అడగదలుచుకున్నాడో అడగలేదు. కొంచెం దూరం నడిచాడు. తర్వాత, "నీళ్లు తాగుతావా అక్కా?" అన్నాడు.

పంపుహౌసులో చెవులు గింగురుమన్నాయి. ఆరు మోటార్లు వరసగా ఉన్నాయి. కాగితం మీద ఆమె మోటారుని చిన్న సున్నాలా గీస్తుంది. ఇక్కడ అది ఆమె నడుమెత్తు ఉంది. మూడోదానికి రంగు వేరు.

"ఇది నాకంటే ఎక్కువసార్లు ఆస్పత్రికి పోయొచ్చింది" అని ఫోర్‌మన్ దాని వీపు చరిచాడు. లోపలి చుట్టు తీగ కాలిపోయి నాలుగుసార్లు మార్చారట.

ఆమె మీటరు పెట్టి చూపించమంది. గేటు దగ్గర నాలుగువందల పదిహేను వోల్టులు బయల్దేరుతుంటే ఇక్కడికి చేరేది మూడువందల ఎనభై ఒకటి. ఆ లోటుకి మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. ఆరో మోటారు ఆన్ చేసిన క్షణాన దీపాలు ఒకసారి కళ్లు మూసి తెరిచాయి, మీటరు ఇంకా దిగింది. ఆమె ఆ అంకెలు నోటుపుస్తకంలో రెండో కాలమ్‌లో వేసి, మోటారు మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేసింది. కాలింది.

మేనేజరు గదిలో చల్లగా ఉంది. ఆయన మొదటి డ్రాయింగు చూసి పెన్ను తీశాడు. ట్రేసరమ్మ రెండోది దానిపక్కన పరిచింది.

"ఇదేంటి?"

"ఇంకోలా కూడా చెయ్యొచ్చని గీశాం సార్. ఒకసారి చూడండి."

ఆయన చూశాడు. తెలివితక్కువవాడు కాదు, ఒక్క నిమిషంలో అర్థమైంది. అర్థమయ్యాక మొహం చిట్లించాడు.

"ఆ జాగా ఆఫీసర్ల కార్ల షెడ్డుకి అనుకున్నామమ్మా. అందరికీ మాటిచ్చేశాను కూడా. ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మరు పెట్టామంటే నా మీద పడతారు."

ఫోర్‌మన్ గుమ్మంలోనే ఉన్నాడు. "సార్, ఆ మూడో మోటారు..." అని మొదలుపెట్టాడు. మేనేజరు చెయ్యెత్తాడు. ఆ కథ ఆయన చాలాసార్లు విన్నాడు.

ట్రేసరమ్మకి పెద్దవాళ్ల ముందు వాదించే అలవాటు లేదు. దవడ నొప్పి ఇప్పుడు భుజందాకా లాగుతోంది. చుట్టలు చుట్టుకుని వెళ్లిపోతే ఎవరూ ఏమీ అనరు. చీఫ్ డ్రాయింగు మీద సంతకం పడుతుంది. ఆరువందల ఇరవై మీటర్ల పొడుగునా ఇంకో నాలుగు తీగలు పడతాయి. డ్రాయింగు కింద మొదటి గడిలో మళ్లీ ఆమె అక్షరాలే ఉంటాయి. ఆమె పెన్సిలు తీసి గేటు పక్కన చిన్న చతురస్రం గీసింది.

"ట్రాన్స్‌ఫార్మర్లు లోపలికొస్తే ఇప్పుడు అవి ఉన్న చోటు ఖాళీ అవుతుంది సార్. నీడ ఉంది, గోడ ఉంది, తలుపూ ఉంది. కార్లు అక్కడ పెట్టుకోవచ్చు. గేటు పక్కనే గనక ఆఫీసర్లకి నడక కూడా తగ్గుతుంది."

మేనేజరు ఆ చతురస్రాన్ని చూశాడు, ఆమెని చూశాడు. తర్వాత పొట్ట కదిలేలా నవ్వాడు.

"కార్ల షెడ్డు మీద మా మూడేళ్ల గొడవకి మీరు పెన్సిలుతో పరిష్కారం చెప్పారే. మీరు అక్కడ చీఫ్ కింద ఇంజనీరా?"

"ట్రేసర్ని సార్."

ఆ మాట ఆయనకి సరిగ్గా వినపడలేదు. అప్పటికే సంతకం పెడుతున్నాడు. కాగితం తిరిగి ఇస్తూ, "మా ఆఫీసర్లొచ్చి మళ్లీ నా మనసు మార్చకముందే ఆ జాగాలో హద్దులు పెట్టేసి వెళ్లండి" అన్నాడు.

నాలుగు దాటినా ఎండ తగ్గలేదు. ట్రేసరమ్మ కారులోంచి గొడుగు తెచ్చుకుంది. వంకీ పిడి, కింద పొడుగాటి ఇనుప ములుకు ఉన్న పాతకాలపు నల్లగొడుగు. ఒక రెక్క చిరిగితే దర్జీ తన దగ్గర మిగిలిన నీలంగళ్ల చొక్కాగుడ్డ వేసి, తిన్నగా, దగ్గర దగ్గర కుట్లతో కుట్టాడు. ఆ నల్లదనంలో ఆ నీలం దూరానికి కూడా కనపడుతుంది.

ఫోర్‌మన్ టేపూ, తాడూ, ఇనప మేకులూ తెచ్చాడు. పన్నెండు మీటర్లు పొడవు, తొమ్మిది వెడల్పు. ట్రేసరమ్మ ఒక మూలనుంచి ఎదురు మూలకి కొలవమంది. పదిహేను వచ్చింది. మిగతా రెండు మూలలూ కొలిస్తే పదిహేను మీద జానెడు వచ్చింది. మేకు జరిపించి మళ్లీ కొలిపించింది. రెండూ సమానమైతే గానీ మూలమట్టం కుదరదని ఫోర్‌మన్‌కీ తెలుసు. అయినా చెప్పనిచ్చాడు. అంతా కుదిరాక, గీత గీసి గుర్తుపెట్టిన నాలుగో మూలలో దించుదామని చూస్తే మేకు లేదు, తెచ్చినవి మూడే. స్టోరు మూసేశారు.

ఆమె గొడుగు ముడిచి, నాలుగో మూల మెత్తటి మట్టిలోకి ములుకు దించింది. ఫోర్‌మన్ రెండు చేతులతో నొక్కి ఇంకా దించాడు. తాడు దాని చుట్టూ తిప్పి ముడివేశారు.

"పొద్దున్నే మేకు తెప్పించి పెట్టి, గొడుగు పంపించేస్తానక్కా."

"తొందరేం లేదు. ఇప్పట్లో వాన రాదు."

వెనక్కి నాలుగడుగులు వేసి తాడులోపలి చోటుని చూసింది. అక్కణ్ణుంచి పంపుహౌసు గోడ ఇరవై అడుగులు కూడా లేదు. ఫోర్‌మన్ ఏదో అన్నాడు, ఆమె వినిపించుకోలేదు.

కారు దగ్గరికి వచ్చాక ఆమె వెనక తలుపు తీసి కూచుంది. డ్రైవరు అద్దంలోంచి చూసి నవ్వాడు.

"ఇవాళ్టితో మీరూ ఇంజనీరయ్యారమ్మా."

"అయ్యానులే" అంది ఆమె. "కాసేపు ఒరుగుతాను. నెమ్మదిగా పోనీ."

సగం దారిలో రైలుగేటు పడింది. టీ తాగుతారా అని డ్రైవరు అడిగాడు. జవాబు రాలేదు. తల సీటుకి ఆనించి, డ్రాయింగుల చుట్ట ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని ఉంది. అతను దిగి ఒక్కడే టీ తాగి వచ్చి, తలుపు చప్పుడు కాకుండా వేశాడు. పాటలు ఆపేశాడు. ఆ తర్వాత గంటసేపూ గుంటలు తప్పిస్తూ, బ్రేకు మెల్లిగా తొక్కుతూ నడిపాడు. ఇంత నిద్ర ఆ ఇంజనీర్లలో కూడా ఎవరూ పోలేదని అనుకున్నాడు. ఆఫీసు ముందు ఆపి, వెనక తలుపు తీసి, రెండుసార్లు పిలిచాక అతనికి అర్థమైంది.

ప్రాణం పోయి గంట పైనే అయుంటుందని ఆస్పత్రిలో చెప్పారు. గుండె అన్నారు. పన్ను సంగతి అడిగిన భర్తకి, కొందరికి నొప్పి అలా దవడలోకి పాకుతుందని డాక్టరు చెప్పాడు.

కబురు వెళ్లినప్పుడు దర్జీ మిషను మీద ఉన్నాడు. చొక్కా చెయ్యి ఒకటి సగం కుట్టి ఉంది. మిగతా సగం చివరిదాకా కుట్టి, దారం కొరికి, మడిచి పక్కన పెట్టి లేచాడు. ఆ చొక్కా కోసం వచ్చిన పిల్లవాడి తల్లికి, రెండో చెయ్యి కుట్టకుండానే దాన్ని ఎలా ఇచ్చేశానా అని తర్వాత చాలా రోజులు ఆయన ఆశ్చర్యపోయాడు.

మూడో రోజున చీఫ్ చుట్ట విప్పి సంతకమైన డ్రాయింగు బల్ల మీద పరిచాడు. మొదటి గడిలో ఆమె పొడి అక్షరాలున్నాయి. మూడో గడిలో తను సంతకం పెట్టాడు. మధ్య గడి ఖాళీగా ఉంది. గీసినవాళ్లే సరిచూడకూడదని ఆఫీసు నియమం. అతను కొంతసేపు పెన్ను పట్టుకుని కూచుని, ఆ గడిలో కూడా ఆమె అక్షరాలే రాశాడు. ఆ డ్రాయింగు మీద ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

మిల్లులో ఫోర్‌మన్ హద్దులు పెట్టిన మర్నాడే నాలుగో మేకు తెప్పించాడు. గొడుగు ఎక్కడికి పంపాలో తెలుసుకుందామని ఆఫీసుకి ఫోను చేశాడు. విషయం విని, మేకుని జేబులో వేసుకుని వెనక్కి వచ్చేశాడు. తర్వాతి వారం తవ్వేవాళ్లు దిగారు. వాళ్లలో ఒకడు మూలకి వచ్చి గొడుగు పీకబోయాడు.

"దాన్ని ఆఖర్న తియ్యి" అన్నాడు ఫోర్‌మన్. "మూల తప్పుతుంది."

సాయంత్రానికి మూడు మూలలా గుంట దిగింది. నాలుగో మూల మాత్రం జానెడు మట్టిదిమ్మ మీద, తాడు చుట్టుకుని, నీలంగళ్ల మాసిక పైకి కనపడుతూ గొడుగు తిన్నగా నిలబడి ఉంది.